ఓడల కోసం ఖాళీ చేసిన పొలం

స్కార్వే దీవి, ఆర్క్‌నీ
ఫిబ్రవరి 9

చెల్లీ మెరన్,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. రెండుసార్లు కాగితం తీసి మళ్ళీ సొరుగులో పెట్టాను. ఇందులో ఉన్న సంగతి ముప్పై ఏళ్ళుగా నేను నీకు చెబుతూ వచ్చిందే, ముప్పై ఏళ్ళుగా నువ్వు నవ్వుతూ వచ్చిందే. కానీ మూడు రోజులుగా గాలి తలుపు తీయనివ్వడం లేదు. పడవ లేదు. మాట్లాడటానికి కోడి తప్ప మనిషి లేడు. కోడికి ఇప్పటికే అంతా చెప్పేశాను, అది గుడ్లు పెట్టడం మానేసింది. ఇక నీ వంతు.

పోయిన మంగళవారం పడవలో హెన్షా అనే ఆయన దిగాడు. దక్షిణాన ఏదో పెద్ద కంపెనీ తాలూకు మనిషి. రేవులో తాళ్ళు పట్టే ఉద్యోగం మానేసి పదమూడేళ్ళయినా, పడవ వచ్చే వేళకి అక్కడ నిలబడకపోతే నాకు తిండి సయించదని నీకు తెలుసు కదా. నిలబడ్డాను. పక్కనే ఓలా స్కోలే దాణా మూటలు దించుకుంటున్నాడు. హెన్షా వచ్చి, ఇక్కడి నీళ్ళ లోతు గురించి ఎవరిని అడగాలని ఓలాని అడిగాడు. ఓలా నా వైపు చెయ్యి చూపించి, "లోతు తెలిసినాయన అదిగో. కానీ అడక్కండి, మీకు రేపటి పడవ కూడా తప్పిపోతుంది" అన్నాడు.

ఆయన అడిగాడు. నిజంగానే రేపటి పడవ తప్పిపోయింది.

మెరన్, ఆయన మన స్కాపా ఫ్లో నీళ్ళ కోసమే వచ్చాడు. నువ్వు అందులోనే ఈత నేర్చుకుని అందులోనే ఒకసారి మునిగినదానివి, నీకు దాని గురించి చెప్పేదేముంది. కానీ నేను వేలంలో కొన్న విజ్ఞాన సర్వస్వం రెండు సంపుటాలు, మూడోదీ ఏడోదీ, అరిగేదాకా చదివి ఏ మాటలు చెప్పి మీ అందరి చేతా తిట్లు తిన్నానో, అవే మాటలు ఆయన టై కట్టుకుని చెప్పాడు. చుట్టూ దీవులు, మధ్యలో గిన్నెలో పోసినట్టు లోతైన నీళ్ళు. గడ్డకట్టవు. అమెరికా నుంచి ఉత్తర ఐరోపాకి వచ్చే దారి మన గుమ్మం ముందు నుంచే. ఇప్పుడు కడుతున్న ఓడలకి సగం రేవుల్లో అడుగు నేలకి తగులుతుందట. అవి ఇక్కడ ఆగి పెట్టెలు దింపేస్తే, చిన్న ఓడలు వచ్చి నార్వేకి కొన్ని, ఐర్లండుకి కొన్ని, బాల్టిక్ లోపలికి కొన్ని పట్టుకుపోతాయి. దాన్ని వాళ్ళు హబ్ అంటున్నారు. నేను జంక్షన్ అనేవాణ్ణి. అంతే తేడా.

యుద్ధం రోజులు నీకు గుర్తున్నాయా? నువ్వు ఆరేళ్ళదానివి. నేను నావికులకి గుడ్లు అమ్మేవాణ్ణి. ఓడ పక్కన ఓడ, అవతలి ఒడ్డు కనిపించేది కాదు. ఆ తర్వాత ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి, వాటి వెనకాలే మనుషులూ వెళ్ళిపోయారు. ఆ మనుషుల్లో నువ్వొకదానివి, తప్పు పట్టడం లేదు. ఇప్పుడు మేము పందొమ్మిది మందిమి. బడిలో పిల్లలు ముగ్గురు, ముగ్గురూ ఓలా పిల్లలే. వాళ్ళమ్మ ఇంగా కిర్క్‌వాల్ పట్నంలో పుట్టిన పిల్ల. "ఇంకొక్క చలికాలం చూస్తాను" అని మూడు చలికాలాలుగా అంటోంది. వాళ్ళు కదిలితే బడి మూస్తారు. బడి లేని దీవికి కొత్తగా పెళ్ళయినవాళ్ళెవరూ రారు. చివరికి మిగిలేది నేనూ ఆ కోడీ.

అందుకని నాకు ఈ ఓడలు కావాలి. గొప్ప కోసం కాదు. ఆ ముగ్గురి పక్కన ఇంకో ముగ్గురు కూర్చోవాలి, అంతే.

మీ అబ్బాయి యోస్ట్ ఓడల కంపెనీలో ఇలాంటి లెక్కలే వేస్తాడు కదా. వాణ్ణి అడిగి రాయి.

నీ అన్న,
డేవిక్

*

రోటర్‌డామ్
మార్చి 1

అన్నయ్యా,

కోడి మళ్ళీ గుడ్లు పెడుతోందా? దానికి హెన్షా ఉపన్యాసం కూడా వినిపించావంటే ఇక పెట్టదు.

నేను నవ్వలేదు. నవ్వానులే, కొంచెం. కానీ ఉత్తరం దాచుకున్నాను.

ఒక్క మాట చెప్పనీ. రేవు మనిషిని కట్టుకుని నలభై ఏళ్ళు ఉన్నాను. మా ఆయన కోర్ క్రేను ఎక్కిన కొత్తలో ఒక ఓడ దించడానికి రెండు వందల మంది ఉండేవారు. రేవు వెనక వీధులన్నీ వాళ్ళ కేకలే. కోర్ పోయేనాటికి అక్కడ బళ్ళు డ్రైవరు లేకుండా వాటంతట అవే తిరిగేవి. చివరిసారి నన్ను తీసుకెళ్ళి చూపించి, "చూడు, నన్ను పలకరించేవాడు ఒక్కడైనా ఉన్నాడేమో" అన్నాడు. పెద్ద ఓడలొస్తే పిల్లలొస్తారని ఖాయం చేసుకోకు.

అలాగని రాకూడదనీ అనను. మన ఊళ్ళో దీపాలు వెలగాలని నాకు మాత్రం ఉండదా?

యోస్ట్ సింగపూర్ వెళ్ళాడు. మే నెలలో గానీ రాడు. ఏ ఓడ ఎక్కడ ఆగాలో తేల్చే జాబితాలు వాడి బల్ల మీదుగానే వెళ్తాయి. వచ్చాక అడుగుతాను.

గాలి తగ్గేదాకా పైకప్పు ఎక్కకు. నీకు డెబ్బై ఎనిమిది.

మెరన్

*

స్కార్వే
ఏప్రిల్ 18

చెల్లీ,

పైకప్పు ఎక్కలేదు. నిచ్చెన మాత్రమే ఎక్కాను, అది వేరే సంగతి.

బడిలో మీటింగు జరిగింది. దీవి మొత్తం వచ్చింది, మంచం మీదున్న జెస్సీ ముసలమ్మతో సహా. ఆమెని కుర్చీతో సహా ట్రాక్టరు తొట్టిలో పెట్టి తెచ్చారు. దారంతా ఊరేగింపులో రాణీగారిలా చెయ్యి ఊపుతూ వచ్చింది. హెన్షా గోడ మీద బొమ్మలు వేశాడు. ఓలా పశువులు మేసే దిగువ పొలం ఉంది చూడు, అక్కడ ఎర్రవీ నీలంవీ పెట్టెలు కొండల్లా పేర్చి ఉన్నాయి. మన రేవు ఉన్న చోట అరకిలోమీటరు గోడ. వెనక ఎనిమిది కొత్త ఇళ్ళు, వాటి ముందు ఎవరో తెలియని ఆడమనిషి కుక్కని తిప్పుతోంది. "ఆ కుక్క ఎవరిది?" అని జెస్సీ అడిగింది.

ఆ తర్వాత ఆయన అన్నాడు, "స్కార్వేకి అపారమైన అవకాశాలున్నాయి. మా కంపెనీ ఎంతో ఉత్సాహంగా ఉంది."

మెరన్, నువ్వు వెళ్ళి చాలాకాలమైంది గనక గుర్తు చేస్తున్నాను. మన దగ్గర బంగారం లాంటి దూడని చూసి "పర్లేదు" అంటారు. నాన్న అమ్మకి జీవితంలో ఇచ్చిన పెద్ద మెచ్చుకోలు, "వంట తినేట్టే ఉంది." పెళ్ళి కుదిరితే "చూద్దాం" అంటారు. అలాంటి చెవులున్న పందొమ్మిది మంది ముందు నిలబడి ఒక మనిషి అపారం అన్నాడు. నిజం కాకపోతే అంత మాట ఎవరైనా ఎందుకంటారు? టీ తాగాడు, జెస్సీ చేసిన రబర్బు జాము రెండుసార్లు వేసుకున్నాడు, ఒక్కొక్కరికీ చెయ్యి కలిపి వెళ్ళాడు. మాకు సంబంధించినంత వరకు రేవు కట్టేసినట్టే.

మర్నాడు ఓలా మా ఇంటికి వచ్చాడు. టీ కెటిల్ పెద్ద ఓడ, కప్పులు చిన్న ఓడలు, బల్ల మన ఫ్లో అని పెట్టి గంటసేపు చెప్పాను. "బాబాయ్, ఈ కప్పు ఐర్లండుకి పోయేలోగా కొంచెం టీ పోస్తావా?" అన్నాడు. మంచి పిల్లాడు. వాడు ఒక సలహా అడిగాడు. నాకు తోచింది చెప్పాను. అది వాడి సొంత విషయం, ఆ గొడవంతా నీకెందుకులే.

యోస్ట్ వచ్చాడా?

డేవిక్

*

రోటర్‌డామ్
మే 21

అన్నయ్యా,

నీ ఉత్తరానికి జవాబు ఆలస్యమైంది. మోకాలు మళ్ళీ మొరాయిస్తోంది, మెట్లు దిగడం మానేశాను. కింది వాటాలో ఉండే ఆవిడ కూరలు తెచ్చిపెడుతోంది. ఈ ఏడు ట్యూలిప్‌లు తొందరగా వచ్చి తొందరగా పోయాయి. కిటికీ దగ్గర కుండీలో పసుపువి నాలుగు పూశాయి, ఒకటి ఎందుకో తెల్లగా వచ్చింది. కోర్ ఉంటే దుకాణం వాడి మీద పోట్లాటకి వెళ్ళేవాడు.

యోస్ట్ ఆదివారం వచ్చాడు. సూప్ తాగి వెళ్ళాడు. చిక్కిపోయాడు. పని ఒత్తిడి ఎక్కువగా ఉందట.

మీటింగు గురించి నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. నువ్వింత సంతోషంగా రాసిన ఉత్తరం నా దగ్గర ఇంకోటి ఉందేమోనని పెట్టెలో వెతికాను. లేదు.

ఒళ్ళు జాగ్రత్త.

మెరన్

*

స్కార్వే
జూన్ 30

చెల్లీ,

నీ మోకాలికి నాటు మందొకటి ఉంది కానీ, దానికి సముద్రపు నాచు కావాలి, మీ ఊళ్ళో దొరికే నాచు మీద నాకు నమ్మకం లేదు.

ఇక్కడ గడ్డి కోతలు మొదలయ్యాయి. ఫ్లోలో నీటి మీద తేలే పసుపు పచ్చ బోయా ఒకటి వేసి వెళ్ళారు, అలలు కొలవడానికట. రోజూ పొద్దున్నే వెళ్ళి దానికి నమస్కారం పెట్టి వస్తున్నాను. సీల్ జంతువులు దాని మీద ఎక్కి పడుకుంటున్నాయి.

ఇప్పుడు చెప్పొచ్చు గనక చెబుతున్నాను. పని జరిగిపోయింది. ఓలా తన కౌలు వదులుకుంటున్నట్టు దొరగారికి మే ఇరవై ఎనిమిదిన నోటీసు ఇచ్చాడు. టర్మ్ రోజున, అంటే కౌలు గడువు రోజున. ఏప్రిల్‌లో వాడు నన్ను అడిగింది ఇదే.

నువ్వే ఆలోచించు. ఇక్కడ పొలాలు చేతులు మారేది నవంబరు ఇరవై ఎనిమిదిన, అందుకు మే ఇరవై ఎనిమిదికల్లా చెప్పాలి. ఆ రోజు దాటితే మళ్ళీ ఏడాది. మన తాతల నాటి నుంచీ అంతే. కంపెనీ వాళ్ళకి పాపం ఈ సంగతి ఏం తెలుసు? వాళ్ళు తీరిగ్గా ఏ ఆగస్టులోనో పొలం కావాలని వస్తారు, దొరగారు క్యాలెండరు చూపించి పొమ్మంటారు, వాళ్ళు ఇంకో రేవు చూసుకుంటారు. క్యాలెండరు వల్ల చేతికొచ్చిన జంక్షన్ పోతుందా? అందుకని ఓలాతో అన్నాను, "ముందే ఖాళీ చేసి పెట్టు. సిద్ధంగా ఉన్న పొలంలో మొదటి గునపం పడుతుంది. ఖాళీ చేసినవాడికే రేవులో మొదటి ఉద్యోగం." హెన్షాకి కూడా రాసి పడేశాను, పొలం నవంబరుకి సిద్ధమని. ఆయన జవాబు రాయలేదు. పనిలో ఉన్నాడు, ఎలాగూ కాదనలేదు కదా.

ఓలా వారం రోజులు నిద్రపోలేదట. ఇంగా వచ్చి గుమ్మంలోనే నిలబడి, "డేవిక్ బాబాయ్, నువ్వు ఖాయంగా చెబుతున్నావా? నీ మాట మీద మా ఆయన పాతికేళ్ళ మందని అమ్మేస్తానంటున్నాడు" అంది. "ఖాయం తల్లీ" అన్నాను. ఖాయం అన్న మాట నేను వాడటం అదే మొదటిసారి, నోట్లో వింతగా ఉండింది. పశువుల్ని అక్టోబరులో కిర్క్‌వాల్ సంతకి పంపుతారు. రేవు కట్టేదాకా ఇంగా వాళ్ళమ్మగారి ఇంట్లో ఉండి, కొత్త ఇళ్ళు లేవగానే తిరిగొస్తారు. బడి ఏడాదో ఏడాదిన్నరో ఆగుతుంది, ఆ తర్వాత నిండుతుంది. టీచరమ్మ కొంచెం గుర్రుగా ఉంది. ఆమెకి కెటిల్ లెక్క ఇంకా చెప్పలేదు.

యోస్ట్ ఏమన్నాడో నువ్వు రాయనే లేదు.

డేవిక్

*

రోటర్‌డామ్
జూలై 8

అన్నయ్యా,

నువ్వు ఫోను ఎత్తవు గనక రాస్తున్నాను. ఉత్తరం అందగానే ఓలా దగ్గరికి వెళ్ళు. ఇది పూర్తిగా చదివేదాకా కూడా ఆగకు. నోటీసు వెనక్కి తీసుకోమను.

రేవు స్కార్వేకి రాదు. యోస్ట్ ఆ ఆదివారం, మే పద్దెనిమిదిన, సూప్ తాగుతూ చెప్పాడు. ఓడల కంపెనీలు వేరే రేవు ఎంచుకున్నాయి. ఎప్పుడో శీతాకాలంలోనే మాట అయిపోయిందట. స్కార్వే పేరు జాబితాలో ఎందుకు ఉంచారంటే, దాన్ని చూపించి ఆ రెండో రేవు వాళ్ళ దగ్గర రేటు తగ్గించుకోవడానికి. "మామయ్యకి చెప్పకు, ఇది బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతుంది" అన్నాడు. కానీ నేను చెప్పకపోవడానికి కారణం అది కాదు. వాడికి ఉద్యోగాలు దొరుకుతాయి.

నీ ఉత్తరం బల్ల మీద ఉంది. అపారం అని ఉంది అందులో. నిన్ను ఎవరో ఒకరు విన్నారు, డెబ్బై ఎనిమిదేళ్ళకి. ఇంకో నెల పోతే హెన్షాయే రాసేస్తాడు, ఈ నెల రోజులూ నిన్ను అలాగే ఉండనిద్దాం అనుకున్నాను. నువ్వు రోజూ రేవుకి వెళ్ళి నిలబడతావు, నీ నమ్మకం వల్ల ఎవరికి ఏం నష్టం అనుకున్నాను. ఓలా పొలం గురించి నాకు ఒక్క ముక్క తెలిసినా ఆ రోజే టెలిగ్రాం ఇచ్చేదాన్ని, టెలిగ్రాంలు లేకపోతే ఈదుకుంటూ వచ్చేదాన్ని.

మే పద్దెనిమిదికీ ఇరవై ఎనిమిదికీ మధ్య పది రోజులున్నాయి. నేను ట్యూలిప్‌ల గురించి రాశాను.

వెళ్ళు.

మెరన్

*

స్కార్వే
ఆగస్టు 3

మెరన్,

వెళ్ళాను. గడ్డి కట్టలు కడుతున్నాడు. యంత్రం ఆపమన్నాను. చెప్పాను. వాడు తిట్టి ఉంటే బాగుండేది. టోపీ తీసి మళ్ళీ పెట్టుకుని, "అయితే దొరగారి ఏజెంటు దగ్గరికి వెళ్దాం, పద" అన్నాడు, అంతే.

ఏజెంటు మర్యాదగానే మాట్లాడాడు. ఓలా పొలం జూన్ నెలలోనే ఇంగ్లండు ఆసామికి ఇచ్చేశారట. అతను దీవిలో ఉండడు. వేసవిలో గొర్రెల్ని తెచ్చి వదిలి, చలికి తీసుకుపోతాడు. కాగితాల మీద సంతకాలు అయిపోయాయి. "స్కోలే కుటుంబం యాభై ఏళ్ళుగా ఉంది, అడగలేదా మమ్మల్ని?" అని ఓలా అన్నాడు. "నువ్వే కదా బాబూ, వదిలేస్తున్నానని రాసింది" అన్నాడు ఏజెంటు. అదీ నిజమే.

తిరిగొచ్చేటప్పుడు పడవలో ఇద్దరం మాట్లాడుకోలేదు. నాతో గంటసేపు కూర్చుని ఒక్క మాట వినకుండా బయటపడ్డవాడు ఈ దీవి చరిత్రలో ఓలా ఒక్కడే.

నీ మే నెల ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. తెల్లగా వచ్చిన ట్యూలిప్ గురించి బాగా రాశావు.

డి. హెడిల్

*

రోటర్‌డామ్
ఆగస్టు 19

అన్నయ్యా,

హెడిల్ అని ఇలా ఇంటిపేరుతో నాకెవరూ ఉత్తరం రాయలేదు ఇంతవరకూ, పన్నుల ఆఫీసు తప్ప.

తిట్టు. నాకు రావలసిందే. కానీ నేనూ ఒక మాట అంటాను. ఏప్రిల్‌లో నువ్వు ఏం రాశావు? "అది వాడి సొంత విషయం, ఆ గొడవంతా నీకెందుకులే." చెప్పి ఉంటే నేను ఆగేదాన్నా? నువ్వు చెప్పలేదు. ఎందుకో నాకు తెలుసు. నేను వద్దంటానని నీకు తెలుసు గనక. నాకు చెప్పకపోవడం కూడా నువ్వు తెలిసే చేశావు.

కొట్టేశాను ఆ వాక్యం, మళ్ళీ అలాగే ఉంచాను. పోనీ, ఉండనీ.

యుద్ధం అయిపోయాక ఆఖరి ఓడలు వెళ్ళిన రోజు నాకు గుర్తుంది, నీకు తెలియదు. నువ్వు గుడ్ల బుట్ట పట్టుకుని రేవు చివర కూర్చున్నావు. అమ్మ నన్ను పంపింది, అన్నయ్యని భోజనానికి పిలుచుకు రమ్మని. నీ వెనక దాకా వచ్చాను. నువ్వు ఏడుస్తున్నావు. పంతొమ్మిదేళ్ళ మగాడు ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. పిలవకుండా వెనక్కి వెళ్ళి, కనిపించలేదని అమ్మతో చెప్పాను. మే నెలలోనూ నేను చేసింది అదే, అన్నయ్యా. ఇంకోసారి చూడలేకపోయాను.

జవాబు రాయి. రెండు ముక్కలైనా సరే.

మెరన్

*

రోటర్‌డామ్
అక్టోబరు 12

అన్నయ్యా,

పశువుల సంత ఈ వారమే అని యోస్ట్ కంప్యూటర్‌లో చూసి చెప్పాడు. నేను వసంతంలో వస్తాను. రావద్దంటే రావద్దని రాయి, అదైనా నీ చేత్తో రాసినట్టుంటుంది.

యోస్ట్ ఉద్యోగం మానేశాడు. నేను చెప్పమనలేదు. వాడే వెళ్ళి ఎవరితోనో స్కార్వే గురించి ఏదో అన్నాడట.

మెరన్

*

స్కార్వే
డిసెంబరు 5

చెల్లీ,

రాయలేదని అనుకోకు. రాశాను, నాలుగు. ఒకటి నీ మీద, ఒకటి హెన్షా మీద, రెండు నా మీద. ఏవీ పంపదగ్గవి కావు, పొయ్యి వెలిగించుకున్నాను. నీ మీద రాసినది తడి కాగితంలా పొగ పెట్టింది.

నీ మీద కోపం సెప్టెంబరు దాకా ఉంది. తర్వాత తిరిగి నా దగ్గరికే వచ్చింది. చివరికి ఒకటి తేలింది. నువ్వు మే నెలలో రాసి ఉంటే నేను నమ్మేవాణ్ణా? "వీళ్ళెప్పుడూ నవ్వేవాళ్ళే, మెరన్‌కి రేవులంటే పడదు, కోర్ పోయినప్పటి నుంచీ అంతే" అనుకుని ఓలాని నోటీసు ఇమ్మనే అనేవాణ్ణేమో. అంటాను అని ఖాయంగా చెప్పలేను. అనను అని అంతకన్నా చెప్పలేను. కాబట్టి ఆ పది రోజుల్నీ నువ్వొక్కదానివే మొయ్యక్కర్లేదు. సగం ఇటివ్వు.

పొలం ఖాళీ చేయమని హెన్షా ఎప్పుడూ అడగలేదు. ఆయన మీద అందరూ కోపంగా ఉన్నారు గానీ, నేను రేవులో నిలబడి ఈ మాట బయటికే అన్నాను. ఆయన అపారం అన్నాడు, అంతే. ఆయన ఊళ్ళో ఆ మాట పొద్దున్నే పలకరింపుకి కూడా వాడతారేమో. నవంబరులో కంపెనీ దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, మంచి దళసరి కాగితం. ప్రస్తుతానికి ముందుకు వెళ్ళడం లేదట. స్కార్వే అవకాశాలు ఇప్పటికీ ఎంతో గొప్పవేనట. జెస్సీకి చదివి వినిపించాను. "ఆ కుక్క సంగతి రాశాడా?" అంది.

పశువుల్ని అక్టోబరు పదమూడున ఎక్కించారు. గాలి లేదు, పడవ రేవుకి అతుక్కున్నట్టు నిలబడింది. తాళ్ళు నేను పట్టాను, ఎవరూ అడగలేదు, వద్దనలేదు. ఓలా ఒక్కొక్క ఆవునీ పేరు పెట్టి పిలిచి ఎక్కించాడు. ఆఖరిది ఎక్కనంది. ముసలి ఎర్రావు, ఐదు దూడల తల్లి. నలుగురు తోశారు. ఓలా పక్కకి వెళ్ళి సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఆఖరికి ఇంగా వచ్చి దాని చెవిలో ఏదో అంది, అది నడిచి ఎక్కింది. సంతలో వాటిని చూసి మార్విక్ వాళ్ళ పెద్దాయన "పర్లేదు" అన్నాడట. పక్కనున్నవాళ్ళు తలలూపారట. ఓలా నాతో చెప్పాడు ఈ మాట. ఆ పడవ ప్రయాణం తర్వాత వాడు నాతో తనంతట తాను చెప్పిన మొదటి మాట.

నవంబరు టర్మ్ రోజున సామాను పడవ వచ్చింది. మంచాలు, బీరువా, పిల్లల సైకిళ్ళు, ఒక అక్వేరియం, అందులో చేప కూడా. నేను దీపపు స్తంభంలా నిలబడ్డాను. ఇంగా వచ్చి, "ఫోను చేస్తూ ఉండు బాబాయ్" అంది.

"నాకు ఫోన్లో మాట్లాడటం రాదు తల్లీ."

"నీకా మాట్లాడటం రానిది" అంది. నవ్వింది. తర్వాత నా కోటు గుండీ ఒకటి ఊడి వేలాడుతుంటే దాన్ని పట్టుకుని, "మేము ఎలాగూ వెళ్ళేవాళ్ళమే. ఈ చలికాలం కాకపోతే వచ్చే చలికాలం. నువ్వు చెప్పావని కాదు" అంది.

అది నిజమో, నా మొహం చూసి అందో తెలియదు. అడగలేదు. నీ నుంచి నేర్చుకున్నాననుకో.

పెద్ద పిల్ల కర్స్టిన్ పడవ ఎక్కాక వెనక్కి తిరిగి, "పెద్ద ఓడలు వచ్చేటప్పుడు మాకు చెప్తావా?" అని అరిచింది. చెప్తానన్నాను. ఏమనాలి మరి.

నేను ఇప్పటికీ లెక్క తప్పని అనను, మెరన్. నీళ్ళు అంత లోతూ ఉన్నాయి. దారి ఇటే ఉంది. ఉత్తరాన మంచు కరిగితే ఇంకా దగ్గరవుతుంది. ఏదో ఒక రోజు ఎవరో ఒకరు ఇక్కడ గోడ కడతారు, పెట్టెలు పేరుస్తారు, బళ్ళు వాటంతట అవే తిరుగుతాయి. అప్పుడు వాటికి ఈ దీవిలో అడ్డొచ్చేవాళ్ళు ఉండరు. ఆ భాగం మాత్రం నేను ముందే చేసిపెట్టాను.

యోస్ట్‌కి చెప్పు, వాడి మీద నాకేం లేదని. సూప్ తాగమను. నువ్వు వసంతంలో వస్తే రా, పడవ ఇప్పుడు వారానికి రెండుసార్లే. మోకాలు చూసుకుని రా. కిందటి నెల బోయాని కూడా తీసుకుపోయారు. సీళ్ళు రెండు రోజులు అక్కడే తిరిగాయి.

ఇప్పుడు పదమూడు మందిమి. టీచరమ్మని స్ట్రోమ్నెస్ బడికి వేశారు, శనివారం వెళ్ళింది. నిన్న పడవలో విద్యాశాఖ మనుషులు ఇద్దరు వచ్చి బడి తాళం తీశారు. చిన్న బల్లలు మూడు వ్యానులో ఎక్కించారు. నాలుగోది పట్టలేదు. దాన్ని గోడకి చేరేసి, గురువారం వచ్చి తీసుకెళ్తామని చెప్పి వెళ్ళారు.

డేవిక్